కూఫా ఫిర్యాదు

మనం తెలుగులో రోజూ వాడే కొన్ని మాటల పుట్టుక గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఫిర్యాదు పారసీ మాట. జవాబుదారీలో 'జవాబు' అరబ్బీ, 'దారీ' పారసీ. హాజరు, తనిఖీ, వసూలు, జప్తు, ఇవన్నీ అరబ్బీలో పుట్టి, పారసీ ఉర్దూల మీదుగా, కచేరీల దారిన మన భాషలోకి వచ్చినవే. జులుం కూడా అంతే. అక్షరం ముక్క రాని రైతు సైతం "మా మీద జులుం చేస్తున్నారయ్యా" అంటాడు. ఆ ధాతువు నుండే అరబ్బీలో 'మజాలిమ్' అనే మాట వచ్చింది. అధికారుల అన్యాయాలపై ప్రజలు చెప్పుకునే ఫిర్యాదులను పాలకుడు స్వయంగా గాని, తన ప్రతినిధి ద్వారా గాని విచారించే సభకు ముస్లిం రాజ్యాలలో శతాబ్దాల పాటు అదే పేరు. జులుం మన నాలుక మీద నిలిచిపోయింది. దాన్ని విన్న సభ ఏమయిందో మాత్రం మనలో చాలామందికి తెలియదు.

చిన్నవాడు దొంగిలిస్తే సంకెళ్ళు, పెద్దవాడు ఖజానా మింగితే పూలదండలు అన్న మాట ఈనాడు ఎక్కడ నలుగురు కూడినా వినిపిస్తుంది. ఇది కొత్త మాట కాదు. మక్కా విజయం నాటి ఆ హదీసు పాఠకులందరికీ తెలిసినదే. మఖ్జూమ్ తెగకు చెందిన ఒక స్త్రీ దొంగతనం చేసింది. గొప్పింటి ఆడపడుచు గనుక ఆమెను తప్పించాలని ఆ తెగవారు హజ్రత్ ఉసామా (రజి.) చేత సిఫారసు చేయించారు. పూర్వపు జాతులు నశించింది ఇందుకేననీ, గొప్పవాడు దొంగిలిస్తే వదిలిపెట్టి బలహీనుడు దొంగిలిస్తే శిక్షించేవారనీ దైవప్రవక్త (స) చెప్పారు. తన సొంత కూతురైనా తాను వదలనన్నారు. సూత్రం ఇంత స్పష్టంగా ఉంది. ఐతే సూత్రం పుస్తకంలో ఉండడం వేరు, గవర్నరు ఎదుట నిలబడిన సామాన్యుడి చేతిలో ఉండడం వేరు. ఈ తేడా ఎలా ఏర్పడిందో తెలుసుకోవడానికి ఒక్క నగరాన్ని తీసుకుంటే చాలు. ఆ నగరం కూఫా.

కూఫా హి.శ. 17 (క్రీ.శ. 638)లో హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి.) నెలకొల్పిన సైనిక నివాసం. యూఫ్రటీసు నదీ తీరాన, ఎడారి అంచున వెలసింది. అందులో స్థిరపడినవారు ఇరాను సామ్రాజ్యాన్ని గెలిచిన యోధులు. తమ వాటా తమకు తెలిసినవారు. అడగడానికి వెనుకాడనివారు. అందుకే చరిత్రకారులలో కొందరు కూఫావాసులను ఎప్పుడూ గొణిగే జనంగా, ఏ అమీరునూ మెచ్చని జనంగా చిత్రించారు. నేను మద్రసాలో చదివే రోజుల్లో మాకూ అదే అభిప్రాయం కలిగింది. తరువాత విశ్వవిద్యాలయంలో మూలగ్రంథాలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు వేరొకటి తోచింది. కూఫావాసులు ఎప్పుడూ గొణిగిన మాట నిజమే. ఐతే ఆ గొణుగుడును ఎవరు ఎలా విన్నారన్నదే అసలు చరిత్ర.

హజ్రత్ ఉమర్ (రజి.) కాలంతో మొదలుపెడదాం. సాద్ (రజి.) కూఫాలో ఒక భవనం కట్టుకుని, బజారు గోల వినపడకుండా దానికి తలుపు పెట్టించారు. ప్రజలకు, అమీరుకు మధ్య తలుపు లేచిందన్న వార్త మదీనాకు చేరింది. ఖలీఫా ముహమ్మద్ బిన్ మస్లమా (రజి.)ను పంపారు. ఆయన వచ్చి, కట్టెలు కొని, ఆ తలుపును కాల్చి, తిరిగి వెళ్ళిపోయారు. ఈ ముహమ్మద్ బిన్ మస్లమా గవర్నర్లపై ఫిర్యాదులు వచ్చినప్పుడు జాడలు తీయడానికి ఉమర్ నియమించుకున్న మనిషి. నేటి భాషలో తనిఖీ అధికారి అనవచ్చు. కాని ఆయన వెంట పటాలం లేదు, ఆయన వెళ్ళిన చోట విందులు లేవు.

తలుపు సంగతి అలా ముగిసినా అసలు ఫిర్యాదు తరువాత వచ్చింది. అది వచ్చిన సమయం చూడండి. నహావంద్ వద్ద ఇరానీయులు పెద్ద సైన్యాన్ని కూడగడుతున్నారు. సరిగ్గా ఆ వేళ కూఫా నుండి కొందరు మదీనా వచ్చి, సాద్ సమంగా పంచడనీ, తీర్పులో న్యాయం పాటించడనీ, చివరకు నమాజు కూడా సరిగా చేయించడనీ చెప్పారు. శత్రువు ముంగిట ఉన్నప్పుడు సేనానిపై ఫిర్యాదా అని ఏ పాలకుడైనా వారిని తరిమివేసేవాడు. "దేశం ఆపదలో ఉంది, ఇప్పుడా ఈ ప్రశ్నలు?" అనే మాట తప్పించుకోదలచిన ప్రతి అధికారికీ కంఠస్థం. ఉమర్ (రజి.) కూడా వారి ఉద్దేశాన్ని శంకించారు. ఈ సమయంలో లేవడమే మీలోని చెడుకు నిదర్శనమన్నారు. అయినా శత్రువు మీ మీద వచ్చి పడినా సరే, మీ ఫిర్యాదు విచారించకుండా అది నన్ను ఆపదని కూడా అన్నారు. తబరీ దీన్ని నమోదు చేశాడు.

విచారణ జరిగిన తీరు ఇంకా గమనింపదగినది. ముహమ్మద్ బిన్ మస్లమా సాద్‌ను వెంటబెట్టుకుని కూఫాలోని మసీదు తరువాత మసీదుకు నడిచారు. కాదిసియ్యా విజేత, ప్రవక్త (స)కు మేనమామ వరస అయిన మనిషి, స్వర్గ శుభవార్త అందుకున్న పదిమందిలో ఒకరు, తాను పాలించిన నగరంలో నిలబడి ఉండగా, ఆయన ఎదుటే ప్రజలను "ఈయన ఎలాంటివాడు?" అని అడిగారు. రహస్యంగా అడగలేదనీ, అలా అడగడం ఆనాటి వారి పద్ధతి కాదనీ తబరీ ప్రత్యేకంగా వ్రాశాడు. ప్రతి మసీదులోనూ మంచే చెప్పారు. బనూ అబ్స్ మసీదులో మాత్రం ఉసామా బిన్ ఖతాదా అనే అతడు లేచి ఆరోపణలు వల్లించాడు. అతడు అబద్ధమాడితే దీర్ఘాయువు, దారిద్ర్యం, పరీక్షలు కలగాలని సాద్ అక్కడే ప్రార్థించారు. ఆ ప్రార్థన ఫలించిన తీరు బుఖారీలో ఉంది. మన ఉపన్యాసకులు సాధారణంగా ఆ భాగాన్నే చెప్పి ఆపుతారు.

దానికన్నా ఆలోచింపజేసేది విచారణ ఫలితం. ఆరోపణ నిలవలేదు. అయినా ఉమర్ (రజి.) సాద్‌ను మార్చి, ఆ స్థానంలో అమ్మార్ (రజి.)ను పంపారు. ప్రజలకు, అమీరుకు మధ్య నమ్మకం చెడిన తరువాత నిర్దోషి అయినా పదవిలో ఉంచడం మేలు కాదని ఆయన తలచారని నా అభిప్రాయం. మరోవైపు సాద్ పేరుకు మచ్చ మిగలనివ్వలేదు. మరణశయ్య మీద నియమించిన ఆరుగురి సంఘంలో ఆయనను చేర్చి, అసమర్థత వల్ల గాని ద్రోహం వల్ల గాని తాను ఆయనను తొలగించలేదని చెప్పారు. పదవి పోవడం వేరు, శిక్ష వేరు, మచ్చ వేరు. ఈ మూడింటినీ విడివిడిగా చూడగలిగిన పాలకులు చరిత్రలో తక్కువ. పదవిని ఆస్తిగా భావించేవాడికి అది పోవడమే శిక్షగా కనిపిస్తుంది. అందుకే రుజువు అంటూ గీతను ఎప్పటికప్పుడు దూరం జరుపుతూ ఉంటాడు.

ఇది ఒక్క కూఫా సంగతి కాదు. నియామకం నాడే గవర్నర్ల ఆస్తులు వ్రాయించి పెట్టుకోవడం, తరువాత పెరిగినదానిలో సగం బైతుల్ మాల్‌కు జమ చేయించడం ఉమర్ పద్ధతి అని బలాజురీ వ్రాశాడు. ఈజిప్టు విజేత అమ్ర్ బిన్ ఆస్ (రజి.) సంపద పంచడానికి వెళ్ళింది కూడా పైన చెప్పిన ముహమ్మద్ బిన్ మస్లమానే. హజ్ సమయంలో అన్ని ప్రాంతాల అధికారులనూ పిలిపించి జనం ముందు నిలబెట్టేవారు. అమ్ర్ కుమారుడు ఒక కిబ్తీ యువకుడిని కొరడాతో కొట్టిన కథను మనం జుమా ఉపన్యాసాలలో తరచుగా వింటాం. దాని సనద్ బలహీనమని పండితులు చెప్పారు గనుక నేను దానిపై ఆధారపడను. దానికి బదులుగా ఖాజీ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో ఉల్లేఖించిన మరొక సంఘటన చెబుతాను.

హజ్‌లో ఒక మనిషి లేచి, మీ అధికారి నన్ను అన్యాయంగా నూరు కొరడా దెబ్బలు కొట్టాడన్నాడు. ఐతే లేచి నీవూ కొట్టు అన్నారు ఉమర్. అమ్ర్ బిన్ ఆస్ అడ్డుతగిలారు. ఇలా చేస్తే అధికారులకు భారమవుతుందనీ, మీ తరువాత ఇదే ఆనవాయితీ అవుతుందనీ ఆయన అభ్యంతరం. ప్రవక్త (స) తమపైనే ప్రతీకారానికి అవకాశమిచ్చి ఉండగా నేను ఇవ్వకపోవడమా అని ఉమర్ జవాబు. చివరకు బాధితుడిని ఒప్పించుకోవడానికి అమ్ర్ అనుమతి తీసుకున్నారు. దెబ్బకు రెండు దీనార్ల లెక్కన రెండువందల దీనార్లకు అతడు ఒప్పుకున్నాడు. ఇక్కడ రెండు విషయాలు. ఆ డబ్బు ఖజానాలోకి పోలేదు, దెబ్బలు తిన్నవాడి చేతికి వెళ్ళింది. ఇక అమ్ర్ భయపడిన ఆనవాయితీ సంగతి. అది స్థిరపడి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు.

తిరిగి కూఫాకు వద్దాం. హజ్రత్ ఉస్మాన్ (రజి.) ఖిలాఫత్‌లో వలీద్ బిన్ ఉఖ్బా అక్కడి అమీరు. ఆయన ఖలీఫాకు తల్లి వైపు సోదరుడు. మద్యం మత్తులో ఫజ్ర్ నమాజు చేయించి, ఇంకొంచెం చేయించనా అని వెనుకనున్నవారిని అడిగాడన్న ఆరోపణ వచ్చింది. సాక్షులు వలీద్‌పై కక్ష కట్టినవారని చెప్పే కథనం కూడా చరిత్ర గ్రంథాలలో ఉంది. నేను ఆ వాదంలోకి దిగను. సహాబాల మధ్య తీర్పరిగా కూర్చునే స్థాయి నాది కాదు. నేను చూపదలచింది జనం మనఃస్థితిని. అది సహీహ్ బుఖారీలోనే ఉంది.

ఉస్మాన్ (రజి.) బంధువు ఉబైదుల్లా బిన్ అదీని మిస్వర్ బిన్ మఖ్రమా, అబ్దుర్రహ్మాన్ బిన్ అస్వద్ కలిసి, వలీద్ విషయమై జనం చాలా మాట్లాడుకుంటున్నారు, నీవు వెళ్ళి చెప్పవేమి అని నిలదీశారు. ఆయన నమాజుకు బయలుదేరిన ఖలీఫాను దారిలో కలిసి, మీ మేలు కోరి ఒక మాట చెప్పాలన్నారు. ఖలీఫా వినలేదు. నీ నుండి అల్లాహ్ శరణు వేడుతున్నాను అని ముందుకు సాగారు. ఉబైదుల్లా వచ్చి మిత్రులతో చెబితే, నీ బాధ్యత తీరిపోయిందిలే అన్నారు వారు. ఆ మాటలో ఎంత నిరాశ ఉందో చూడండి. చెప్పవలసింది చెప్పాం, ఇక మన వల్ల కాదు అనుకున్నారు. ఇంతలోనే ఖలీఫా నుండి పిలుపు వచ్చింది. ఈసారి ఆయన మొత్తం విన్నారు. వలీద్ విషయంలో న్యాయం జరిపిస్తామని మాట ఇచ్చారు. మాట నిలబెట్టుకున్నారు. వలీద్‌ను మదీనాకు రప్పించారు. ఇద్దరు సాక్ష్యం చెప్పారు. హజ్రత్ అలీ (రజి.) పర్యవేక్షణలో అబ్దుల్లా బిన్ జాఫర్ కొరడా పట్టారు. నలభై వద్ద చాలన్నారు అలీ. బుఖారీలోని ఒక ఉల్లేఖనలో ఎనభై అని ఉంది.

ప్రపంచ చరిత్రలో ఒక సామ్రాజ్యాధినేత తన సోదరుడిని, అతడు పాలించిన ప్రజల ఫిర్యాదుపై బహిరంగంగా కొరడాతో శిక్షింపజేసిన సందర్భాలు ఎన్ని ఉంటాయి? శిక్ష జరిగింది. చట్టం నిలిచింది. ఐతే ఒక మార్పు కూడా వచ్చింది. ఉమర్ కాలంలో ఫిర్యాదు తిన్నగా ఖలీఫా ముందుకు వచ్చి నిలబడింది. ఇప్పుడు ఖలీఫా బంధువు ద్వారా, దారిలో ఆపి, ఒకసారి కాదనిపించుకుని రావలసి వచ్చింది. కూఫా జనం ఆ తేడాను గుర్తించారు. వలీద్ తరువాత వచ్చిన సయీద్ బిన్ ఆస్ విషయంలో వారు మదీనాకు వెళ్ళి ఎదురుచూడలేదు. హి.శ. 34లో ఆయన తిరిగి వస్తుంటే జరఆ అనే చోట దారికి అడ్డుపడి వెనక్కి పంపించారు. అబూ మూసా అష్అరీ (రజి.) కావాలన్నారు. ఉస్మాన్ (రజి.) ఒప్పుకున్నారు. కోరిక తీరింది, కాని ఫిర్యాదు దారి మారింది. విచారణతో కాక బలప్రదర్శనతో గవర్నరు మారడం ఒకసారి జరిగితే జనం దాన్ని మరచిపోరు. మరుసటి సంవత్సరం మదీనాలో జరిగిన ఘోరం అందరికీ తెలుసు.

ఉమయ్యాల కాలానికి వస్తే కథ చీకటి అవుతుంది. హజ్జాజ్ బిన్ యూసుఫ్ హి.శ. 75 నుండి 95 వరకు (క్రీ.శ. 694-714) ఇరాఖ్‌ను ఏలాడు. అతడు సమర్థుడు. అతడి చేతులు శుభ్రంగా ఉన్నాయనడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలదు. ఫిర్యాదు ఎవరికి చేయాలి? డమాస్కస్‌లో ఉన్న ఖలీఫాకు అతడు కుడిభుజం. చివరకు ఇబ్నుల్ అష్అస్ నాయకత్వంలో కూఫా, బస్రాలు తిరగబడ్డాయి. దైరుల్ జమాజిమ్ వద్ద రెండు సైన్యాలు ఎదురెదురుగా మోహరించిన తరువాత ఖలీఫా అబ్దుల్ మలిక్ తన సోదరుడిని, కుమారుడిని రాయబారం పంపాడు. హజ్జాజ్‌ను తొలగిస్తాను, సిరియావాసులతో సమానంగా మీకూ జీతాలిస్తాను అన్నాడు. సంవత్సరాల తరబడి నోటితో అడిగినప్పుడు దొరకనిది కత్తి పట్టాక దొరికింది. కాని అప్పటికి నమ్మకం చచ్చిపోయింది. ఇబ్నుల్ అష్అస్ ఒప్పుకుందామన్నాడు, జనం ఒప్పుకోలేదు. యుద్ధం జరిగింది, ఓడిపోయారు. హజ్జాజ్ పదవిలో మిగిలాడు, ఇంకా పన్నెండేళ్ళు.

కూఫా పండితుడు సయీద్ బిన్ జుబైర్ (రహ్మ.)ను హజ్జాజ్ హి.శ. 95లో చంపించాడు. ఆ సంవత్సరమే తానూ వాసిత్‌లో జబ్బుతో మంచం మీద పోయాడు. ఏ ఖాజీ ముందూ నిలబడలేదు. ఏ లెక్కా అప్పగించలేదు. తరువాతి ఖలీఫా అతడి కుటుంబాన్ని వేధించాడు. అది న్యాయమని నేను అనను. నేరస్థుడు తప్పించుకున్నాక అతడి బంధువులపై పడడం కసి తీర్చుకోవడం మాత్రమే.

ఈ చీకటిలో రెండున్నర సంవత్సరాల వెలుగు ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ.) పాలన (క్రీ.శ. 717-720). ఆయన మొదట తన ఆస్తితోను, తన వంశం ఆస్తులతోను ప్రారంభించారు. బంధువులు గోలపెట్టారు. తరువాత కూఫా గవర్నరు అబ్దుల్ హమీద్‌కు లేఖ వ్రాశారు. దుష్టులైన అధికారులు ప్రవేశపెట్టిన చెడ్డ ఆచారాల వల్ల కూఫావాసులు కష్టాలు పడ్డారని ఒప్పుకుంటూ మొదలయ్యే లేఖ అది. ఒక పాలకుడు తనకు ముందున్న పాలన తప్పును అధికారపత్రంలో ఒప్పుకోవడమే విశేషం. ఆ లేఖలో ఆయన రద్దు చేసిన వసూళ్ళ జాబితా చదివితే నవ్వూ ఏడుపూ వస్తాయి. నౌరోజ్, మిహ్రజాన్ పండుగ మామూళ్ళు. అర్జీ వ్రాసే కాగితాల ఖరీదు. కబురు తెచ్చిన బంటు కూలి. ఇళ్ళ అద్దెలు. పెళ్ళి చేసుకుంటే చెల్లించవలసిన దిర్హములు. 'మామూలు' అన్న మాటను నేను అనువాదంలో కావాలనే వాడుతున్నాను. కచేరీ మెట్లు ఎక్కిన తెలుగువాడికి దాని అర్థం వివరించనక్కర లేదు. ఆ మాటా అరబ్బీదే.

ఆ రోజుల్లో కూఫాలో లెక్కలు చూసిన అబుజ్జినాద్ చెప్పినది ఇబ్ను సాద్ నమోదు చేశాడు. అన్యాయంగా తీసుకున్నవన్నీ తిరిగి ఇచ్చివేయమని ఖలీఫా ఉత్తరువు. ఇస్తూ పోతే ఇరాఖ్ బైతుల్ మాల్ ఖాళీ అయిపోయింది. సిరియా నుండి డబ్బు తెప్పించి మరీ పంచారు. అంతేకాదు. తిరుగులేని సాక్ష్యం కావాలని పట్టుబట్టలేదు. కొద్దిపాటి ఆధారం చూపినా ఒప్పుకునేవారు. ముందరి గవర్నర్లు ఎలాంటివారో ఖలీఫాకు తెలుసు గనుక. గుమాస్తా దొంగలెక్కలు వ్రాసిన చోట రైతును దస్తావేజు తెమ్మనడం ఎంత క్రూరమో ఆయన గ్రహించారు. చట్టం చదువుకున్నవారిలో కొందరికి ఇది రుచించకపోవచ్చు. నాకు మాత్రం మజాలిమ్ చరిత్ర మొత్తంలో ఇంతకన్నా గొప్ప వాక్యం కనబడలేదు.

ఐనా ఆయన చేతిలో నుండి కూడా ఒక పెద్ద చేప జారిపోయింది. అంతకుముందు ఇరాఖ్‌ను, తరువాత ఖురాసాన్‌ను పాలించిన యజీద్ బిన్ ముహల్లబ్ జుర్జాన్ విజయం తరువాత ఖలీఫా సులైమాన్‌కు వ్రాసిన లేఖలో, ఖజానాకు చేరవలసిన అయిదో వంతు ఇంత పెద్ద మొత్తం తన వద్ద ఉందని గొప్పగా వ్రాశాడు. అంకె వ్రాయవద్దని అతడి లేఖకుడు ముందే హెచ్చరించాడు. వినలేదు. సులైమాన్ చనిపోయాక కొత్త ఖలీఫా ఆ లేఖ ముందు పెట్టి, సొమ్ము ఏదీ అన్నారు. అది జనం వినడానికి వ్రాసినది, ఖలీఫా నన్ను అడుగుతాడని అనుకోలేదు అన్నాడు యజీద్. అది ప్రజల హక్కు, వదిలే అధికారం నాకు లేదని ఖలీఫా అతడిని ఖైదు చేశారు. హి.శ. 101లో ఖలీఫా జబ్బు పడ్డారని తెలియగానే యజీద్ జైలు నుండి పారిపోయాడు. మంచి పాలకుడి ఆయుష్షు ఎంతో, ఖైదు గడువు కూడా అంతే! తరువాత అతడు తిరుగుబాటు చేసి యుద్ధంలో చనిపోయాడు. ఆ సొమ్ము లెక్క మాత్రం తేలలేదు.

అబ్బాసీల కాలంలో కూఫా తన ఫిర్యాదును మరొక విధంగా వినిపించింది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ.) శిష్యుడు ఖాజీ అబూ యూసుఫ్ (మరణం హి.శ. 182, క్రీ.శ. 798) కూఫాలో పుట్టినవాడు. హారూన్ రషీద్‌కు ఆయన వ్రాసి ఇచ్చిన 'కితాబుల్ ఖరాజ్' పన్నుల గ్రంథమని పేరుపడింది గాని, నా దృష్టిలో అది ఒక పెద్ద అర్జీ. నెలకో, రెండు నెలలకో ఒక్కసారి మజాలిమ్ సభలో కూర్చోండి అని ఖలీఫాను వేడుకుంటాడు ఆయన. సంవత్సరంలో ఒక్కరోజు మీరు కూర్చుంటారని తెలిసినా గవర్నర్లు జులుం మానుకుంటారు అంటాడు. ఎంత తక్కువ అడుగుతున్నాడో చూడండి. ఉమర్ (రజి.) కాలంలో రేయింబవళ్ళు తెరచి ఉన్న తలుపు ఇప్పుడు ఏడాదికి ఒక్కరోజైనా తెరవమని ప్రధాన ఖాజీ బ్రతిమాలవలసి వచ్చింది.

ఆ గ్రంథంలోనే మరొక చోట ఆయన అసలు రోగాన్ని పట్టుకున్నాడు. రాష్ట్రాలలో తపాలా, వార్తల శాఖ అధికారులు ఖలీఫాకు కళ్ళూ చెవులూ. వారు గవర్నర్లతో కుమ్మక్కై, ప్రజలకు వ్యతిరేకంగా వారి పక్షం వహించి, వారి చేష్టలను కప్పిపుచ్చుతున్నారని నాకు తెలిసింది అని ఖలీఫాకే వ్రాశాడు. నేరం చేసినవాడు తప్పించుకునేది న్యాయస్థానంలో కాదు. అతడి సంగతి న్యాయస్థానం దాకా రానివ్వని దారిలోనే తప్పించుకుంటాడు. కూఫా మసీదుల్లో సాద్ (రజి.) గూర్చి ఎందుకు బహిరంగంగా అడిగారో ఇక్కడ అర్థమవుతుంది.

తరువాతి కాలంలో మావర్దీ (మరణం క్రీ.శ. 1058) 'అల్ అహ్‌కాముస్సుల్తానియ్యా'లో మజాలిమ్‌కు ఒక పూర్తి అధ్యాయం కేటాయించాడు. సభలో రక్షకభటులు, ఖాజీలు, ఫకీహులు, లేఖకులు, సాక్షులు ఉండాలన్నాడు. ఆ సభ విచారించవలసిన పది విషయాలలో మొదటిది ప్రజలపై గవర్నర్ల దౌర్జన్యం. దానికి ఫిర్యాదిదారు రావలసిన పని కూడా లేదు, సభ తానే విచారణ ఎత్తుకోవాలన్నాడు. చట్టం పరిపూర్ణమయ్యింది. అప్పటికి ఆచరణ ఏ స్థితిలో ఉంది?

అధికారులకు లెక్క అడగడం ఆగిపోలేదు. నిజానికి మునుపెన్నడూ లేనంత ముమ్మరంగా సాగింది. దానికి 'ముసాదరా' అని పేరు. ఈ మాటను తెలుగు చేయడానికి చాలా తడుముకున్నాను. జప్తు అంటే చాలదు, జరిమానా అసలే కాదు. చివరకు మన జనం వాడే 'కక్కించడం' అన్నదే దగ్గరగా తోచింది. పదవి పోయిన మంత్రిని పట్టుకుని తిన్నదంతా కక్కించేవారు. బాగ్దాదులో ఇబ్నుల్ ఫురాత్ మూడుసార్లు వజీరు అయ్యాడు (క్రీ.శ. 908-912, 917-918, 923-924). దిగిన ప్రతిసారీ అతడి ఆస్తి లాక్కున్నారు. ఎక్కిన ప్రతిసారీ అతడు ఇతరుల ఆస్తి లాక్కున్నాడు. చివరిసారి అతడి కుమారుడు ముహస్సిన్ మాజీ అధికారులను చిత్రహింసలు పెట్టాడు. 924లో తండ్రీకొడుకులిద్దరి తలలూ తెగాయి. పైకి చూస్తే ఇంతకన్నా కఠినమైన జవాబుదారీ ఏముంది? కాని కక్కించిన సొమ్ము ఏ రైతు నుండి పిండారో ఆ రైతు ఇంటికి ఒక్క దిర్హము కూడా తిరిగి వెళ్ళలేదు. అది ఖలీఫా కొలువు ఖర్చులలో కరిగిపోయింది. ఈసారి తనను కూడా కక్కిస్తారని తెలిసిన కొత్త అధికారి, ఆ మొత్తాన్ని కూడా ముందే కలుపుకుని పన్నులు పిండాడు. శిక్ష పెరిగినకొద్దీ జులుం పెరిగింది. పెద్దవారి మెడలు తెగుతుంటే చూసి సంతోషించే జనం ఈ లెక్క వేసుకోరు.

మజాలిమ్ సభలో స్వయంగా కూర్చున్న ఖలీఫాలలో చివరివాడు ముహ్తదీ అని మావర్దీ వ్రాశాడు. క్రీ.శ. 869లో గద్దెనెక్కాడు. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ వంటివాడు అబ్బాసీలలో ఒక్కడైనా లేకపోవడం తనకు సిగ్గుచేటని అనేవాడు. పాటకత్తెలను, మద్యాన్ని కొలువు నుండి తొలగించాడు. నాలుగు ద్వారాలున్న ఒక గుమ్మటం కట్టించి, దానికి మజాలిమ్ గుమ్మటం అని పేరుపెట్టి, గొప్పవారికీ సామాన్యులకూ అందులో కూర్చుని ఫిర్యాదులు విన్నాడు. నాలుగు దిక్కుల నుండి ఎవరైనా రావచ్చు. రెండు శతాబ్దాల క్రితం కూఫాలో కాల్చిన తలుపు సంగతి ఆయనకు జ్ఞాపకం వచ్చిందేమో. ఆయన పాలన ఒక్క సంవత్సరం కూడా నిండలేదు. 870లో తుర్కీ సైనికులు ఆయనను చంపివేశారు.

ఆ కాలం చరిత్ర వ్రాసిన మస్ఊదీ సైనికులను మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేదు. ముహ్తదీ అందరినీ సరైన దారిలో నడవమన్నందుకు ఆ భారం గొప్పవారికే కాక సామాన్య జనానికి కూడా మోయలేనిదయిందనీ, నిండా ఏడాది లేని ఆ ఖిలాఫత్ వారికి చాలా దీర్ఘంగా తోచిందనీ, ఎప్పుడు ముగుస్తుందా అని విసిగిపోయారనీ వ్రాశాడు.